లింగస్వామి పగలగొట్టిన వంటిళ్లు

మా వంటిల్లు పగలగొట్టడానికి లింగస్వామికి పట్టింది సరిగ్గా మూడున్నర గంటలు. మే పదో తారీఖున ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు వంటగట్టు లేదు, సింకు లేదు, వెనక గోడ సగం లేదు. ఆ వేగం చూసి నేను మురిసిపోయాను కూడా. "అక్కా, పదిహేను దినాలల్ల నీ వంటిల్లు హోటల్ లెక్క చేసిస్త, సూడు" అన్నాడు. మా ఆయన దశరథ ఆ మట్టినంతా తన ట్రాలీ ఆటోలో ఎత్తి పారబోసి వచ్చాడు. ఆ రోజు జరిగిన పనే పని. తర్వాత నలభై రోజులు మా ఇంట్లో ఒక్క ఇటుక కదలలేదు.

వీళ్ల పద్ధతే అంతని తర్వాత తెలిసింది. ముందు పగలగొట్టేస్తారు. పగలగొట్టాక మనం ఎక్కడికీ పోలేం. ఇంకో మేస్త్రిని పిలిస్తే గుమ్మంలోనే నిలబడి లోపలికి తొంగి చూసి, "ఎవలో మొదలువెట్టిన పని, నేను ముట్ట" అని వెళ్లిపోతాడు. పైగా లింగస్వామి పోతూ పోతూ ఒక తాపీ, సిమెంటు మోసే గమేళా ఒకటి, ఒక మట్టం కర్ర మా మూలన పెట్టిపోయాడు. సామాను ఉందంటే మనిషి వస్తాడనే కదా ఎవరైనా అనుకుంటారు? ఒకరోజు మండిపోయి వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాను. లింగస్వామి అడగనే లేదు. అలాంటి సామాను వాడికి ఎన్ని ఇళ్లలో ఉందో అప్పటికి నాకు తెలియదు.

వంటిల్లు ఏ ఆడదానికైనా అవసరమే, నాకైతే అదే బతుకుతెరువు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ల సందులో పదకొండేళ్లు సంతోషి కర్రీ పాయింట్ నడిపాను. సంతోషిని నేనే. నా పప్పుచారు తిని పరీక్షలు రాసిన పిల్లలు ఎంతమందో. ఆ సందు మెల్లగా చచ్చిపోయింది. ముందు పాత పుస్తకాల దుకాణం మూసేశారు, తర్వాత జిరాక్స్, తర్వాత టైలర్. కోచింగులన్నీ ఫోన్లలోకి ఎక్కాక హాస్టళ్లు రెండు ఖాళీ అయ్యాయి. పక్కవాళ్లు ఒక్కొక్కరే షట్టర్ దించుతుంటే మా వంతు రాదన్నట్టు చూస్తూ కూర్చున్నాం. చివరికి ఓనర్ వచ్చి, బిల్డింగ్ కూలగొడుతున్నాం, నెలాఖరుకు ఖాళీ చెయ్యమ్మా అన్నాడు.

ఎల్బీనగర్‌లో మాకు సొంత ఇల్లుంది. ముందు గదిలో దుకాణం పెట్టి, వెనక వంటిల్లు పెద్దది చేసుకుందామనుకున్నాం. బిల్డింగ్ ఇంకా కూలగొట్టలేదు కాబట్టి పాత షట్టర్ మీద, జూన్ ఒకటి నుంచి ఎల్బీనగర్‌లో అని అడ్రసుతో సహా కాగితం అంటించాను. ఒకటి పోయి పదిహేను అయింది. పదిహేను మీద మళ్లీ కాగితం అంటించి జూలై ఒకటి అని రాశాను. మొదట్లో పిల్లలు ఫోన్లు చేసేవారు, "ఆంటీ, ఎప్పుడు తెరుస్తున్నవ్?" అని. తర్వాత తగ్గాయి. ఆఖరున ఒక్కడు చేశాడు, ఆ సందులో ఇప్పుడు దోసకాయ పప్పు ఇంకెవరి దగ్గర దొరుకుతుందని. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. జూలై ఒకటికి కూడా తెరవకపోతే నేనిక దుకాణం ఉన్న మనిషిని కాదు, ఒకప్పుడు దుకాణం ఉండిన మనిషిని. అదీ నా భయం.

మరి లింగస్వామికే ఎందుకిచ్చామంటే, మా ఊరివాడు కాబట్టి. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో వాళ్లిల్లు మా ఇంటికి మూడిళ్ల అవతల. "బయటోడైతే మోసం జేస్తడు, మనోడైతే మొకం సూస్తడు" అన్నాడు మా ఆయన. ఆ మొకం చూసే భాగ్యమే కరువైంది. ఫోన్ చేస్తే మాత్రం వెంటనే ఎత్తేవాడు. "గిదో అక్కా, చంపాపేటల ఉన్న, రేపు పొద్దున్నే ఒస్త" అని, నేను తిట్లకు నోరు తెరిచేలోగా, "అవ్వ మోకాళ్లు ఎట్లున్నయ్ అక్కా?" అనేవాడు. కన్నతల్లి మోకాళ్ల గురించి అడిగినవాణ్ణి ఏమని తిడతాం?

జూన్ ఇరవై పొద్దున తనే ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయింది. "అక్కా, మా అంతయ్య పెద్దనాయిన పోయిండక్కా. పదకొండు దినాలు మైల. పార ముట్టద్దు." 

అంతయ్య మేస్త్రి మా నాన్న ఇల్లు కట్టిన మనిషి. ఊళ్లో సగంమందికి తాపీ పట్టడం నేర్పినవాడు. నిజం చెప్తున్నాను, నేను ముందు ఏడ్చాను, ఇరవైకి పదకొండు కలిపి చూసుకున్నది ఆ తర్వాతే. కలిపితే సరిగ్గా ఒకటో తారీఖు. మళ్లీ ఏడ్చాను. 

ఊళ్లో ఇప్పుడు మావాళ్లెవరూ లేకపోయినా, ఊరి ఆడబిడ్డను, పోకపోతే బాగుండదు. మర్నాడు పొద్దున్నే చౌరస్తాలో పెద్ద పూలదండ కొని, తడి గుడ్డలో చుట్టుకుని, మా ఆయనతో కలిసి బస్సెక్కాను. పెద్ద అంబర్‌పేట్ దాటేదాకా అంతయ్య మంచితనం చెప్పాను, అక్కడి నుంచి నకిరేకల్ దాకా లింగస్వామి చెడ్డతనం చెప్పాను. మా ఆయన రెండింటికీ తల ఊపాడు.

వాళ్లింటి ముందు టెంటు లేదు, జనం లేరు. అరుగు మీద అంతయ్య కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సంతోషా? రా బిడ్డా. గా దండ ఎవలికి?" అన్నాడు.

నేను దండను కొంగు చాటుకు లాక్కున్నాను. మా ఆయనకు జీవితంలో నోరు పెగలకూడని సమయంలోనే పెగులుతుంది. "నీకే, పెద్దమనిషీ" అన్నాడు.

అంతయ్య రొట్టె నమలడం ఆపలేదు. "మల్ల సంపిండా వాడు?" అన్నాడు. "పోయిన నెల గూడ చంపాపేట నుంచి ఎవలో సారు ఫోన్ జేసి, నా సావుకు నాకే బాధపడ్డడు. మంచి మనిషి. ఆయనకు నిజం చెప్పనీకి నాకే మనసొప్పలే." రొట్టె అయిపోయాక చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "ఇంతకు నా సావుతోని నీ ఇంట్ల ఏ పని ఆగింది, బిడ్డా?"

చెప్పాను. గట్టు దగ్గర మొదలుపెట్టి దోసకాయ పప్పు దాకా చెప్పాను. ఆయన అంతా విని లోపలికి పోయి, సంచిలో రెండు అంగీలు, తన తాపీ పెట్టుకుని బయటికి వచ్చాడు. "పూలేం పాపం జేసినయ్, పోతపోత మైసమ్మ గుడిల ఎయ్యి" అని ముందు నడిచాడు.

మర్నాడు పొద్దున పగిలిన వంటింట్లో కుర్చీ వేయించుకుని, గోడలన్నీ వేలితో కొట్టి చూశాడు. "పగలగొట్టుడు మాత్రం మంచిగ పగలగొట్టిండు" అని, నా ఫోన్‌లోంచి లింగస్వామికి కలపమన్నాడు.

"అక్కా, మైలల ఉన్న..." అని అందుకున్నాడు అవతల లింగస్వామి.

"ఎవలి మైలరా?" అన్నాడు అంతయ్య.

అవతల ఫోన్ కట్టయింది. అరగంటలో లింగస్వామి మా గుమ్మంలో ఉన్నాడు. అంటే నలభై రోజులూ అరగంట దూరంలోనే ఉన్నాడన్నమాట.

నలభై రోజులుగా కూడబెట్టిన తిట్లు బయటికి తీశాను. సగం అయ్యేసరికి వాడు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "నాకు కట్టుడు రాదక్కా" అన్నాడు. 

అప్పుడు బయటపడింది సంగతి. వాడికి నాగోల్ రోడ్డు మీద టైల్స్ దుకాణం ఉండేది. అటూ ఇటూ రెండు పెద్ద షోరూంలు వచ్చాయి, ఏడాది తిరగకుండా మూసేశాడు. దుకాణంలో టైల్స్ కొనే ఇద్దరు మేస్త్రీలు, నువ్వు పనులు పట్టుకురా, మేం కడతామన్నారు. పనులు తెచ్చాడు. మేస్త్రీలు బాలాపూర్ వైపు పెద్ద అపార్ట్‌మెంట్ పనికి పోయి మళ్లీ తిరిగి రాలేదు. "పగలగొట్టుడు ఎవలకైనా ఒస్తదక్కా. కట్టేటోడు దొరుకుతడని ఒక్కొక్క ఇల్లు పగలగొట్టుకుంట పోయిన. నీదితోని ఏడు వంటిళ్లు." షట్టర్ దించిన రోజు రాత్రి అన్నం ఎట్లా సహించదో నాకు తెలుసు. మిగతా సగం తిట్లు గొంతులోనే ఆగిపోయాయి. వాటిని మర్నాడు తిట్టాను.

అంతయ్య తన చేత్తో ఒక్క ఇటుకా పెట్టలేదు. కుర్చీలో కూర్చుని లింగస్వామి చేత పెట్టించాడు. మొదటి వరుస వంకరగా వస్తే కాలితో తన్నేశాడు. రెండోది తన్నేశాడు. నాలుగోది మట్టం పెట్టి చూసి, మీసం దువ్వుకుని, "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క "ఊఁ"కు లింగస్వామి ముఖం వెలిగిపోయింది. గోడకు వాడి దుకాణంలో మిగిలిన టైల్స్ వేశారు. ఏ రకమూ గోడంతటికీ చాలక మా వంటింటి గోడ మీద మూడు రకాల పూలు పూశాయి. నాకు బాగానే ఉంది.

జూలై ఒకటిన తెరిచాను. దోసకాయ పప్పు, దొండకాయ వేపుడు, చింతచిగురు మాంసం, పచ్చిపులుసు. నలభై మందికి సరిపడా వండాను. పన్నెండున్నర దాకా ఎవరూ రాలేదు. ఒంటిగంటకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి పాత పిల్లలు ఇద్దరు మెట్రోలో వచ్చారు. ప్రేమగా మాట్లాడి, రెండు పప్పు కట్టించుకుని, "మస్తు దూరమైతున్నది ఆంటీ" అని వెళ్లిపోయారు. ఇక రారని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. గిన్నెల మీద ఒక్కొక్కటిగా మూతలు పెట్టాను. సిమెంటు చేతులతో లింగస్వామి గుమ్మంలో నిలబడి ఆ గిన్నెలనే చూస్తున్నాడు. ఏమీ చెప్పకుండా స్కూటర్ తీసుకుని పోయాడు. వీడు మళ్లీ పారిపోయాడనుకున్నాను.

ముప్పావుగంటకు తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు టిఫిన్ క్యారియర్‌తో వచ్చారు. 

"కర్రీ పాయింట్ ఇదేనా అమ్మా? నా పేరు త్రినాథరావండి, చంపాపేట. మా వంటిల్లు పగలగొట్టి డెబ్బై రోజులైంది. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, ఉప్మా మాత్రం చేస్తోంది. ఇక్కడ కూరలు బావుంటాయని లింగస్వామి వచ్చి చెప్పాడు. వాడి మాట నమ్మకూడదు గానీ, ఆకలండి." అంటూ కుర్చీలో ఉన్న మేస్త్రి వైపు తిరిగారు. "తమరు?"

"అంతయ్య" అన్నాడు మేస్త్రి.

త్రినాథరావు గారు గోడ పట్టుకున్నారు. "మీరు పోయారు కదండీ! నేను ఫోన్ కూడా చేశాను!"

"జేసినవ్ సారు. ఎత్తింది నేనే."

ఆయన వెనక సైదాబాద్ నుంచి ఒక అక్క వచ్చింది. తర్వాత సరూర్‌నగర్ నుంచి అత్తాకోడళ్లు. లింగస్వామి పగలగొట్టిన ఆరు వంటిళ్ల వాళ్లూ వరసగా వచ్చారు, గిన్నెలు పట్టుకుని, వాణ్ణి తిట్టుకుంటూ. మూడింటికల్లా పచ్చిపులుసు చుక్క మిగల్లేదు. మర్నాడు వాళ్లే మళ్లీ వచ్చారు, పక్కింటివాళ్లను కూడా వెంటబెట్టుకుని. త్రినాథరావు గారైతే రోజుకు నాలుగు కూరలు, ఆదివారం ఆరు. వారం తిరిగేసరికి నా దుకాణం నిలబడింది. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా లేదు.

మా ఇంట్లో మిగిలిన చిల్లర పని కూడా అయ్యాక, తెరిచిన పదో రోజు పొద్దున అంతయ్య తాపీ కడిగి సంచిలో పెట్టుకుంటున్నాడు. "మిగిలిన ఆరిండ్లు పూర్తి చేయించి గాని ఊరికి పోను. ఇయ్యాల త్రినాథరావు సారు ఇంటికి పోతున్నం. వారం దినాలల్ల వాళ్ల వంటిల్లు తయారైతది" అన్నాడు. లింగస్వామి అప్పటికే స్కూటర్ బయటికి తీశాడు.

నేను పప్పు కలుపుతున్నాను. గరిట చేతిలోనే ఆగిపోయింది. రోజుకు నాలుగు కూరలు, ఆదివారం ఆరు. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"ఇయ్యాల్నే ఎందుకు పెద్దనాయినా? ముసురు వట్టేటట్టున్నది. తడి వాతావరణంల సిమెంటు ఆరది. ఒక పది దినాలు ఆగి, నిమ్మలంగ..."

మా ఆయన నన్ను వింతగా చూశాడు. లింగస్వామి నవ్వు దాచుకోవడానికి స్కూటర్ టైరు వైపు వంగాడు. అంతయ్య మాత్రం నవ్వలేదు.

"పని ఆపనీకి నువ్వు గూడ ఎవలనన్న సంపుతవా, బిడ్డా?" అన్నాడు.

సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. ఇద్దరికీ అన్నం, పప్పు డబ్బాలో సర్ది, నా చేతులతోనే స్కూటర్‌కు తగిలించి పంపించాను. బండి మలుపు తిరిగాక మాత్రం వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చూశాను, నిజంగానే వాన పడుతుందేమోనని.