నలభై ట్యూబులు, ఒక్క గొంతు

విజయవాడ పశువ్యాధుల ల్యాబులో సాయంత్రాలన్నీ ఒకేలా గడుస్తాయి. టీ కుర్రాడు గ్లాసులు పట్టుకుపోతాడు, గుమాస్తాలు క్యారేజీలు సర్దుకుంటారు. పాలు తీసే వేళ అయ్యేసరికి ఫ్రిజ్‌లో ఉన్న రక్తం ట్యూబులు అరవడం మొదలుపెడతాయి. ఏ పశువు రక్తం ఆ పశువు గొంతుతోనే అరుస్తుంది. ఆవుది సన్నగా, గేదెది బండగా, దూడది బెంగగా ఉంటుంది. అటెండరు ఫ్రిజ్ తలుపు నొక్కి, పైన ఒక గోనెపట్టా కప్పి, సైకిలెక్కి వెళ్లిపోతాడు. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం చెవుల్లో దూది పెట్టుకుంటారు. తర్వాత అదీ మానేస్తారు.

ఆ గోల మధ్యే కూర్చుని రిజల్ట్స్ రాసుకునేది డాక్టర్ రామతులసి ఒక్కతే. నలభై దాటిన మనిషి. మంచి డాక్టరని ఎవరూ కాదనరు గానీ, మంచి మనిషని అనాలంటే కాస్త ఆలోచిస్తారు. పరీక్ష చెయ్యకుండా ఏమీ చెప్పదు, చేశాక ఎదుటివాడికి నచ్చేట్టు చెప్పదు. ఇలాంటివాళ్లకి ఏ ఆఫీసులోనైనా స్నేహితులు తక్కువే.

ఆ ఏడు జిల్లాలో ఒక సర్వే నడుస్తోంది. గేదెలు ఈసుకుపోయే రోగం ఒకటుంది. నెలలు నిండకుండానే చచ్చిన దూడని పడేస్తాయి. పచ్చిపాల వల్లా, ఆ దూడని ముట్టుకున్న చేతుల వల్లా మనుషులకీ అంటుకుంటుంది. ఏ ఊళ్లో ఎంత ఉందో తేల్చాలి. ఎక్కడా లేదని తేలితే ఒక పెద్ద చీజ్ ఫ్యాక్టరీ వచ్చి ఊళ్లకి ఊళ్ల పాలు కొంటుందట. అందుకని అందరూ లేదనే తేలాలని మొక్కుకుంటున్నారు. మొక్కులతో తేలేదానికి రక్తం తియ్యడమెందుకని రామతులసి మీటింగులోనే అడిగింది. ఆ రోజు నుంచీ డిప్యూటీ డైరెక్టర్ వెంకటకృష్ణారావు ఆమె నమస్కారానికి తల ఊపడం మానేశాడు.

పామర్రు పక్కనున్న ములగదిబ్బ నుంచి నలభై ట్యూబులు వచ్చాయి. జూనియర్ డాక్టర్ చక్రి తెచ్చాడు. పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గులాబీ రంగు మందులో ఒక చుక్క వేస్తే, రోగముంటే విరిగిన పాలలా పలుకులు కడుతుంది. నలభైలో ఒక్కటీ విరగలేదు. రామతులసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

సాయంత్రం అవి అరిచాయి. నలభై ట్యూబులూ ఒక్క గొంతుతో అరిచాయి. అదీ మన వైపు గొంతు కాదు. ఎక్కడో ఉత్తరాది నుంచి దిగిన ముర్రా గేదె గొంతు. ములగదిబ్బ గేదెలన్నీ ఏకమై హర్యానా యాస నేర్చుకున్నాయా అనిపించేట్టుంది.

"ఏం చక్రీ, ఇదేంటి?" అంది రామతులసి.

చక్రి నేల చూపులు చూశాడు. "ఊళ్లోకి రానివ్వలేదు మేడమ్. పాలకేంద్రం ప్రెసిడెంట్ కిరీటి గారు హర్యానా నుంచి తెచ్చుకున్న గేదెని చూపించి, అన్నీ దీని నుంచే తీసుకోండి, చెవి నంబర్లు నేనిస్తాను అన్నారు. భోజనం కూడా పెట్టారు."

"ఏం కూర?"

"రొయ్యలు మేడమ్."

"బావున్నాయా?"

చక్రి ట్యూబుల పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. 

మర్నాడు పొద్దున్నే ఆమె వెంకటకృష్ణారావు గదిలోకి వెళ్లి, నలభై ట్యూబులూ ఒకే గేదెవని చెప్పింది. ఆయన ఫైల్లోంచి తల ఎత్తలేదు.

"టెస్ట్ ఏం చెప్పింది?"

"నెగటివ్. కానీ సార్, నిన్న మీరూ విన్నారు."

"విన్నాను. నాకేం చెవుడు లేదు. ప్రొటోకాల్‌లో అరుపుకి కాలమ్ ఉందా?"

"లేదు సార్."

"మరింకేం. సంతకం పెట్టు. పెట్టనంటావా, పాడేరు కొండల్లో పోస్టు ఖాళీగా ఉంది."

"పాడేరులో కూడా పశువులుంటాయి సార్," అని ఆమె బయటికి వచ్చేసింది. ఒళ్లు మండిపోతోంది. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే మనిషి ఈయన, ఈయన చేతికింద పదకొండేళ్లు పనిచేశానా అనుకుంది. డ్రైవర్ కరిముల్లాని పిలిచి జీపు తియ్యమంది.

ఉయ్యూరు దాటేదాకా చెరకు మడ్డి వాసన వెంట వచ్చింది. తర్వాత కాలవగట్టు, రెండు పక్కలా వరి. ములగదిబ్బలో జీపు కనపడగానే తలుపులు మూసుకుపోయాయి. గేదెల్ని ముందే పొలాల్లోకి తోలేశారు. ఒకావిడ పేడనీళ్ల బకెట్టు తెచ్చి సరిగ్గా జీపు ముందు పోసి, "చూళ్లేదమ్మా," అంది. ఆమె చూసే పోసిందని ఇద్దరికీ తెలుసు.

కిరీటి తన ఇంటి గేటు దగ్గరే ఎదురయ్యాడు. తెల్ల చొక్కా, మర్యాద నిండిన మొహం. ఈ ప్రాంతంలో మనిషి ఎంత కోపంగా ఉంటే అన్ని "అండీ"లు పడతాయి.

"రండి డాక్టరమ్మ గారూ. మంచినీళ్లు తీసుకోండి, వెళ్దురుగాని. మా వాటికి రోగాలు లేవండీ. మీరే రిపోర్టిచ్చారు కదండీ."

"రోగం లేదని నేనివ్వలేదు. మీ ముర్రా గేదె బానే ఉంది. మిగతావాటి సంగతి చూడాలి."

"ఎందుకండీ చూడటం? రోగం ఉందని ఒక్క మాట బయటికి పొక్కితే మా పాలు ఎవడన్నా ముట్టుకుంటాడా? ఊరు మొత్తం ఈ పొదుగుల మీద బతుకుతోందండీ. మీ జీతం మీకు ఎటూ వస్తుంది."

"పాలకేంద్రం మూసెయ్యమని ఎవరన్నారు? రోగమున్నవాటిని వేరు చెయ్యమంటున్నాను. ఏ గేదె అయినా ఈసుకుపోయిందా ఈమధ్య?"

"లేదండీ."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట అంటూనే అతను పాక వైపు చూశాడు.

"మా గేదె చుక్క ఈసుకుపోయింది," అంది లోపలి నుంచి ఒక గొంతు.

కిరీటి భార్య కీర్తన వసారాలోకి వచ్చింది. ఎండ మండిపోతున్నా దుప్పటి కప్పుకుని ఉంది. నాలుగో నెల కడుపు. మొహంలో రక్తం లేదు. వెనకే అత్తగారు సుబ్బరత్నం వచ్చి, "లోపలికి పో అమ్మాయ్," అంది.

కీర్తన కదల్లేదు. "పోయినేడు పడేసిందండీ. నేనే ఎత్తి దిబ్బలో పాతాను, ఉత్త చేతుల్తో. ఆ తర్వాత మామూలుగానే ఈనింది. పాలు మేమే తాగుతున్నాం."

"నీకు జ్వరం ఎప్పట్నుంచి?" రామతులసి గొంతు మారింది.

"అప్పట్నుంచే వస్తోంది, పోతోంది. పొద్దు వాలితే చాలు, వణుకు, చెమటలు. టైఫాయిడ్ అంటున్నారు. మొదటి కడుపు కూడా ఆ రోజుల్లోనే పోయింది."

"అది జ్వరానికి పోలేదు," అంది సుబ్బరత్నం. "వద్దంటే వినకుండా తవుడు బస్తా ఎత్తింది. చేతులారా చేసుకుంది."

ఆ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు అనుంటారో, సుబ్బరత్నం నోట్లోంచి నలిగిన బట్టలా వచ్చింది. కీర్తన తల దించుకుంది. రామతులసికి ఆ ముసలావిడ మీద పట్టలేనంత కోపం వచ్చింది. కానీ కోపం రక్తపరీక్ష కాదు.

"నీకు పరీక్ష చేయించాలి. ఉంటే మందుంది. ఆలస్యం చేస్తే ఈ కడుపు కూడా..." అని ఆగింది. "నేను పశువుల డాక్టర్ని. నీ రక్తం తీసే హక్కు నాకు లేదు."

"నాకుంది," అంది కీర్తన. "పెళ్లికి ముందు ఉయ్యూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. ఒక సూది, ట్యూబు ఇవ్వండి."

కిరీటి నవ్వాడు. "ఇవ్వండి డాక్టరమ్మ గారూ, సరదా తీరుతుంది. మనిషి రక్తం అరవదు కదండీ. అరిస్తే ఆసుపత్రుల్లో ఎవడికన్నా నిద్ర పడుతుందా?"

కీర్తన వసారా గట్టు మీద కూర్చుంది. పంటితో చున్నీ కొస పట్టుకుని, జబ్బకి కట్టుకుని, ఎడమ చేతిలోంచి తనే తీసుకుంది.  ట్యూబుకి మూత బిగించి గుప్పిట్లో పట్టుకుంది.

పొద్దు వాలింది. పొలాల నుంచి గేదెలు తిరిగొచ్చాయి. డాక్టరమ్మ ఉంటే తన పనేం ఆగుతుందా అన్నట్టు కిరీటి తపేలా తీసుకుని, చుక్క పాలు చేపడానికి దూడ పలుపు విప్పాడు.

దూడ తల్లి వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. వసారాలోంచి గేదె అరుపు వినపడింది. బండగా, చివర కాస్త విరిగి, మళ్లీ ఒకసారి. కీర్తన గుప్పిట్లోంచి వస్తోంది అది. పాకలో చుక్క మెడ తిప్పి, అదే గొంతుతో బదులిచ్చింది. దూడ పరుగున వచ్చి, వసారా ఎక్కి, కీర్తన చేతిని మూతితో కుమ్మి కుమ్మి నాకసాగింది.

తన గేదె గొంతు తెలియనివాడు పాడి చెయ్యలేడు. కీర్తన రక్తంలోకి చుక్క రోగం ఎక్కిందని కిరీటికి తెలిసింది. సుబ్బరత్నానికీ తెలిసింది. పాలక్యాన్లతో కేంద్రానికి పోతున్న ఆడవాళ్లు గోడవతల నిలబడిపోయారు.

"పగలగొట్టు దాన్ని," అన్నాడు కిరీటి.

కీర్తన గుప్పిట ఇంకా బిగించింది. చెప్పులేసుకుని, దూడని తప్పించుకుని జీపు వైపు నడిచింది. అతను గేటుకి అడ్డం వచ్చాడు. అండీలు ఎటు పోయాయో పోయాయి.

"ఈ గేటు దాటావంటే రేపు కేంద్రం ఉండదు. ఊరంతా నా మీద పడతారు. ఆలోచించుకో."

"ఈ కడుపు కూడా పోతే ఏం చెప్తారండీ?" అంది కీర్తన. "ఈసారి ఏం ఎత్తానని చెప్తారు?"

  అంతలో దూడ ఆమె వెనకే వీధిలోకి జొరబడబోయింది. దాని మెడ పట్టుకోవడానికి అతను పక్కకి వంగాడు, ఆ సందులోంచి ఆమె బయటికి వచ్చేసింది. సుబ్బరత్నం పాల తపేలా వంక చూస్తూ అలాగే నిలబడింది. పేడనీళ్లు పోసిన ఆవిడ జీపుకి దారిచ్చింది. ఇచ్చి, తన క్యాన్ తీసుకుని కేంద్రం వైపు కాకుండా ఇంటి వైపు నడిచింది.

కాలవగట్టు మీద ఉండగా వెంకటకృష్ణారావు ఫోన్ చేశాడు. రామతులసి జరిగింది చెప్పింది. మనిషి రక్తం గేదెలా అరిచిందన్నా ఆయన ఆశ్చర్యపోలేదు.

"మనుషులు మన డిపార్ట్‌మెంట్ కాదు కదా," అన్నాడు.

"అందుకే పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను సార్. ఆ నలభై ట్యూబుల రిపోర్టు జీపెక్కే ముందే మీ ఫైళ్లలో పెట్టొచ్చాను. అన్నీ ఒక్క గేదెవే, సర్వే చెల్లదు అని రాసి సంతకం పెట్టాను. మీరు పాడేరు ఆర్డరు టైపు చేయించుకోండి."

ఆయన ఏదో అంటుండగానే ఆమె ఫోన్ పెట్టేసింది.

పాలవేళ దాటిపోవడంతో కీర్తన చేతిలో ట్యూబు సద్దుమణిగింది. ఆమె గుప్పిట తెరిచి చూసుకుంది. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటకమంటున్నాయి. ట్యూబుని మళ్లీ గుప్పిట్లోకి తీసుకుని అంది.

"నేను కూడా నమ్మేశానండీ. బస్తా ఎత్తినందుకే పోయిందని. రోజూ పొద్దున లేవగానే అదే గుర్తొచ్చేది. నేనే చంపుకున్నానని."

పరీక్ష చెయ్యకుండా ఏమీ చెప్పని మనిషి రామతులసి. ఓదార్చడం చేతకాదు. వీపు నిమరడం రాదు. కిటికీ వైపే చూస్తూ కోపంగా అంది:

"బస్తాలెత్తితే కడుపులు పోయేట్టయితే, ఈ డెల్టాలో ఒక్కడు పుట్టేవాడు కాదు."

కీర్తన అప్పుడు ఏడ్చింది. కరిముల్లా ఏమీ అడక్కుండా బండి వేగం పెంచాడు.