తిరిగి చెప్పని ఆర్డరు

చిట్టియ్య కూర్చోగా చూసినవాళ్లు అమ్మిరాజు టిఫిన్స్ అండ్ లాడ్జింగులో ఎవరూ లేరు. ముప్ఫై నాలుగేళ్ల సర్వరు ఉద్యోగంలో ఆ మనిషి నిలబడే ఉన్నాడు. తన టిఫిను కూడా చేతులు కడిగే తొట్టి పక్కన, గోడకు భుజం ఆనించి, నాలుగు ముద్దల్లో కానిచ్చేవాడు. గోదావరి స్టేషన్లో రైలు దిగి తిన్నగా అక్కడికే వచ్చే మండపేట మిల్లువాళ్లూ, తణుకు ప్లీడర్లూ ఏ బల్ల దగ్గర కూర్చున్నా పేరు పెట్టి ఆయన్నే పిలిచేవారు. ఆయన ఏనాడూ ఆర్డరు కాగితం మీద రాసుకోలేదు, ఏనాడూ ఒకరిది ఇంకొకరి ముందు పెట్టలేదు.

దానికో పద్ధతి ఉంది. హోటల్ పెట్టిన పెద్దాయన అమ్మిరాజు గారు నేర్పిన పద్ధతి అది. ఆర్డరు విన్నాక దాన్ని పైకి తిరిగి చెప్పాలి. "రెండు పెసరట్టు ఉప్మా, ఒకటి అల్లం లేకుండా, కాఫీలు తరవాత" అని చెప్పి, ఎదుటివాళ్లు తలూపాకే అక్కణ్ణుంచి కదలాలి. తిరిగి చెప్పని ఆర్డరు అసలు ఆర్డరే కాదు అనేవారు పెద్దాయన. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. కొడుకు జానకిరామ్ కంప్యూటర్ బిల్లులు పెట్టించాడు, ఏసీ హాలు కట్టించాడు, ఈ పద్ధతి జోలికి మాత్రం రాలేదు. వచ్చినా చిట్టియ్య వినేవాడు కాదనుకోండి.

అలాంటి మనిషిని గోదావరి గట్టు హోటల్, లాడ్జి కార్మికుల సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. సంఘంలో వంట మాస్టర్లకీ సర్వర్లకీ పడదు. సర్వర్లకీ రూములు తుడిచేవాళ్లకీ పడదు. యానాం బార్లలో పనిచేసి వచ్చి ఇక్కడ చేరిన నలుగురికైతే ఎవరితోనూ పడదు. చిట్టియ్య పేరు చెబితే మాత్రం అందరి చేతులూ లేచాయి. మీటింగు రోజున ఆయన కోసం చేతుల కుర్చీ వేసేవారు. ఆయన దాని వెనక నిలబడి, దాని వీపు మీద చేతులు వేసి మాట్లాడేవాడు. అసలు పనంతా చేసేది కార్యదర్శి రూబీ. లాడ్జి రిసెప్షన్లో ఉంటుంది, డిగ్రీ చదివింది, భయమన్నది ఎరగదు. చిట్టియ్యను బాబాయ్ గారూ అని పిలుస్తుంది.

ఇలా ఉండగా సువార్తమ్మ సంగతి వచ్చిపడింది. సువార్తమ్మ ఆ లాడ్జిలో పందొమ్మిదేళ్లుగా రూములు తుడుస్తోంది. వానాకాలంలో నీళ్ల బక్కెట్టుతో రెండో అంతస్తు మెట్లెక్కుతూ తడికి జారిపడితే కుడి మణికట్టు విరిగింది. మూడు నెలలకు ఎముక అతుక్కుంది గానీ, బక్కెట్టు ఎత్తే బలం రాలేదు. ఈలోగా జానకిరామ్ ఆ పనికి వేరే మనిషిని పెట్టేశాడు. దుర్మార్గుడని కాదు, ఈవిణ్ణి మరిచిపోయాడు. డబ్బున్నవాళ్లు చేసే అన్యాయాల్లో సగం ఈ మరపు వల్ల జరిగేవే. సువార్తమ్మకు భర్త లేడు, ఆ పని తప్ప ఇంకో ఆధారం లేదు. దుప్పట్ల గది చూసే ముసలాయన ఆ నెలతో మానేస్తున్నాడు. దుప్పట్లూ తువ్వాళ్లూ మడతపెట్టి అంతస్తుకిన్ని చొప్పున ఇవ్వడమే అక్కడి పని, బరువెత్తక్కర్లేదు. ఆ పని సువార్తమ్మకు ఇమ్మని సంఘం అడగదలచుకుంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి, భోజనాలైపోయి సాయంత్రం టిఫిన్లు మొదలుకాని వేళ, చిట్టియ్య, రూబీ యజమాని గదికి వెళ్లారు. జానకిరామ్ నవ్వుతూ కూర్చోమన్నాడు. రూబీ కూర్చుంది. చిట్టియ్య కూడా కూర్చోబోయాడు, నిజంగానే కూర్చోబోయాడు. ఇంతలో జానకిరామ్, కాఫీ తాగుదామా, నాకు పంచదార లేకుండా అన్నాడు.

ఇంకేముంది, చిట్టియ్య నిటారుగా లేచాడు. ఒకటి మామూలుది, ఒకటి పంచదార లేకుండా అని తిరిగి చెప్పి గుమ్మం దాటేశాడు. తనకంటూ ఒకటి చెప్పుకోవాలని కూడా తోచలేదు. రూబీ వెనక నుంచి పిలుస్తూనే ఉంది. ఆర్డరు తలలో ఉన్నప్పుడు ఆయనకు ఇంకేదీ వినపడదు.

తిరిగొచ్చి కప్పులు బల్ల మీద పెడుతున్నాడు. చుక్క సాసర్లో ఒలకకూడదు, కప్పు చెవి తాగేవాళ్ల కుడిచేతి వైపు ఉండాలి. ఆ ధ్యాసలో ఉండగా జానకిరామ్ అన్నాడు:

"దుప్పట్ల గదికి వేరే ఎవరినో అనుకున్నాం. సువార్తమ్మ సంగతి వచ్చే ఏడు చూద్దాంలే, ఏం చిట్టియ్యా?"

"ఆయ్, అలాగేనండి" అన్నాడు చిట్టియ్య.

ఆ మాట ఆయన రోజుకు మూడొందల సార్లు అంటాడు. చట్నీ ఇంకొంచెం అన్నా అదే మాట, ఫ్యాను తగ్గించమన్నా అదే మాట. అది నోటి మాటే గానీ మనసులో మాట కాదు. కానీ అధ్యక్షుడు ఒప్పుకున్నాక ఇంకేం మిగిలింది? జానకిరామ్ సంతోషంగా కాఫీ తాగి లేచాడు. రూబీ మెట్లన్నీ దిగి, కిందకొచ్చాక ఆగింది.

"మీరేం ఒప్పుకున్నారో మీకు తెలిసిందా బాబాయ్ గారూ?"

అప్పుడు తెలిసింది. పక్కనే స్టూలు ఉంది గానీ, సిగ్గుతో దాని మీద కూడా కూర్చోలేదు.

మర్నాడు ఆదివారం. సువార్తమ్మ చర్చిలో ఆరాధన నుంచి తిరిగొచ్చే వేళకు ధవళేశ్వరంలో ఆమె ఇంటి ముందు చిట్టియ్య నిలబడి ఉన్నాడు. ఆమె తలుపు తీసేలోపే జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. నీ కూడు నేనే తీసేశానమ్మా అన్నాడు. ఆమె నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. ఎడం చేత్తో ప్లాస్టిక్ కుర్చీ లాగి వేసి, లోపలికెళ్లి, ఎడం చేత్తోనే టీ తెచ్చింది. అలవాటు లేని చెయ్యి, గ్లాసు ఊగుతోంది. చిట్టియ్య అందుకోవడానికి సగం లేచాడు.

"కూర్చో అన్నయ్యా. నేను తేగలను" అంది సువార్తమ్మ.

కూర్చున్నాడు. ఒకరు తెచ్చిస్తే కూర్చుని తాగడం ఇంత కష్టమని ఆయనకు ఆ రోజే తెలిసింది. టీ వేడిగా ఉంది, చక్కగా ఉంది. అక్కచెల్లెళ్లు లేని మనిషికి ఆవిడ అన్నయ్యా అన్నప్పుడల్లా లోపల ఏదో కరుగుతుంది, ఇవాళ మరీ కరిగింది.

సువార్తమ్మ గడపలో కూర్చుని కాసేపు ఆలోచించింది. తరవాత, బాబుగారు చెప్పింది నువ్వు తిరిగి చెప్పావా అని అడిగింది. లేదన్నాడు. మామూలుగా అలాగేనండి అనేశానంతే అన్నాడు.

"మరింకేం? తిరిగి చెప్పని ఆర్డరు ఆర్డరే కాదు కదా. పెద్దాయన అరవగా మెట్ల మీంచి రోజూ వినేదాన్ని."

చిట్టియ్య ఖాళీ గ్లాసు ఆవిడ చేతికిచ్చి లేచాడు.

సోమవారం పొద్దున్నే జానకిరామ్ కారు దిగుతుండగా ఎదురెళ్లి, మొన్నటిది నేను తిరిగి చెప్పలేదండి బాబుగారూ, నాన్నగారి పద్ధతి ప్రకారం అది చెల్లదండి అన్నాడు. జానకిరామ్ ముందు మొహం చిట్లించాడు. ఆ తరవాత నవ్వొచ్చింది. ఏడేళ్లప్పుడు బడి నుంచి వచ్చి, మూడో నెంబరు బల్ల దగ్గర కాళ్లు ఊపుకుంటూ నెయ్యట్టు అడిగితే, ఆ చిన్నవాడికి కూడా ఈ చిట్టియ్యే వంగి, పెద్దవాళ్లకు చెప్పినట్టే తిరిగి చెప్పేవాడు. అది గుర్తొచ్చిందేమో, రేపు మూడింటికి రమ్మన్నాడు.

ఆ సాయంత్రం సైకిల్ షాపు మీదున్న సంఘం గదిలో అధ్యక్షుల వారికి కూర్చోవడం నేర్పించారు. రూబీ ఎదురుగా కూర్చుని కాఫీ అడిగింది. లేచాడు. యానాం నుంచి వచ్చినవాడొకడు సోడా అడిగాడు. లేచాడు. వంట మాస్టరు వెనక నుంచి ఊరికే చప్పట్లు కొట్టినా లేచాడు. అందరూ నవ్వి నవ్వి అలిసిపోయారు గానీ వదల్లేదు. ఇన్నేళ్లలో వంటవాళ్లూ సర్వర్లూ కలిసి చేసిన పని అదొక్కటే. చివరికి, అరచేతులు తొడల కింద పెట్టుకుంటే లేవకుండా ఉండగలడని తేలింది.

మంగళవారం మూడింటికి చిట్టియ్య అలాగే కూర్చున్నాడు, కుర్చీ అంచున, అరచేతుల మీద. జానకిరామ్ ఖర్చుల గురించీ కరెంటు బిల్లుల గురించీ మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు.

"చిట్టియ్యా, కాస్త మంచినీళ్లు."

చిట్టియ్య మనసు లేచి నిలబడింది. శరీరం లేవలేదు. తన చేత్తో నెయ్యట్టు తుంపి తినిపించిన పిల్లవాడు దగ్గుతున్నాడు. కన్నకొడుకులా చూసుకున్నవాడే. ఆ క్షణంలో కాళ్లు కదలకుండా ఆపడానికి ముప్ఫై నాలుగేళ్ల చాకిరీ కన్నా ఎక్కువ ఓపిక కావాల్సొచ్చింది.

"నా డ్యూటీ నాలుగింటికండి బాబూ. ఇప్పుడు సువార్తమ్మ తరఫున వచ్చానండి" అన్నాడు మెల్లగా.

జానకిరామ్ ఆయన్ని వింతగా చూసి, తనే లేచి మూలనున్న నీళ్ల టిన్ను దగ్గరికి వెళ్లాడు. గ్లాసులెక్కడుంటాయో తెలియలేదు. కుడి పక్క అరలో ఉంటాయండి అని చిట్టియ్య కూర్చున్నచోటు నుంచే చెప్పాడు. జానకిరామ్ తను తాగి, మర్యాదకు ఇంకో రెండు నింపి, రెండిట్లోనూ వేళ్లు ముంచి ఒక్క చేత్తో పట్టుకొస్తున్నాడు. అది మాత్రం చిట్టియ్య భరించలేకపోయాడు.

"గ్లాసు అడుగున పట్టుకోవాలండి బాబూ."

రూబీ పెదవి కొరుక్కుంది. జానకిరామ్ తన వేళ్ల వంక చూసుకుని, చెవుల దాకా ఎర్రబడి, నవ్వేశాడు. వెళ్లి ఆ నీళ్లు పారబోసి, వేరే గ్లాసులు నింపి, అడుగున పట్టుకుని తెచ్చాడు. మొదటిది చిట్టియ్య ముందు పెట్టాడు. చిట్టియ్య కళ్లు తడయ్యాయి.

ఇప్పుడు చెప్పు, ఏం కావాలి అన్నాడు జానకిరామ్. చిట్టియ్య చెప్పాడు. వచ్చే నెల చూద్దాం అన్నాడాయన. చిట్టియ్య గొంతులోకి పాత మాట వచ్చింది, 'ఆయ్' దాకా వచ్చి ఆగింది.

"కాదండి. ఆవిడ జారింది మన మెట్ల మీదండి. ఎత్తింది మన బక్కెట్టేనండి. వచ్చే సోమవారం నుంచి రావాలండి, పాత జీతం మీదే."

ఆ గదిలో చిట్టియ్య కాదనడం అదే మొదలు. ఇంతలో జానకిరామ్ ఫోన్ మోగింది. దాన్ని అందుకుంటూ, "సరే, అలాగే" అన్నాడు.

ఆ అలాగే ఎలాంటిదో లోకంలో చిట్టియ్య కన్నా తెలిసినవాడు లేడు. రూబీ లేవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. తను కదల్లేదు.

"తిరిగి చెప్పండి బాబుగారూ."

జానకిరామ్ ఆయన మొహంలోకి చూశాడు. మోగుతున్న ఫోన్ బోర్లా పెట్టాడు. వాళ్ల నాన్న నిలబడినట్టే, బల్ల పక్కన నిటారుగా నిలబడ్డాడు.

"సువార్తమ్మ. సోమవారం నుంచి. దుప్పట్ల గది. పాత జీతం."

చిట్టియ్య తలూపాడు. గోడ గడియారంలో నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. తొడల కింద నుంచి చేతులు తీసి, గ్లాసందుకుని, ఆ పది నిమిషాలూ కూర్చునే నీళ్లు తాగాడు.