అక్క ఇచ్చిన ట్రే

డ్యూ అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మంట. కరెంటు బిల్లు డ్యూ, అద్దె డ్యూ. చివరికి మా చెల్లెలి కాన్పుకి కూడా డాక్టరమ్మ డ్యూ డేట్ అంటే, "అదేమైనా అప్పా?" అని దెబ్బలాడి వచ్చాను. ఒకరి ముందు చెయ్యి చాచకూడదు, ఒకరిచేత మాట పడకూడదు. అదీ నా పద్ధతి.

అలాంటిదాన్ని, మా బేకరీలో ఓవెన్ చచ్చి ఊరుకున్న రోజున, పొంగిన పిండి ట్రేలు మోసుకుంటూ, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలి షాపు వెనక గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడే తెల్లవారుతోంది. టిఫిన్ వేళకి స్కూలు హాస్టలుకి రొట్టె అందకపోతే ఆ ఆర్డరు పోతుంది. అది పోతే మా షాపుకి తాళం వేసుకోవడమే.

అన్నదమ్ములు పాత బేకరీని పంచుకున్నప్పటినుంచి మాకిద్దరికీ మాటల్లేవు. ఒకే వీధిలో ఎదురెదురు షాపులు. మాది రొట్టెలు, వాళ్ళది బిస్కెట్లు. ఎవరి మాటకి ఎవరికి కోపమొచ్చిందని ఇప్పుడడిగితే ఇద్దరమూ నీళ్ళు నములుతాం. మూతి ముడుపులు మాత్రం అలాగే ఉన్నాయి.

అక్క తలుపు తీసింది. నన్ను చూసింది, ట్రేలను చూసింది.

"అలా నిలబడిపోయావేంటే? పిండి కుంగిపోదూ? లోపలికి పట్రా" అంది.

అంతే. ఒక్క దెప్పిపొడుపు లేదు. నేనైతే కనీసం నాలుగు అంటించి గానీ తలుపు తీసేదాన్ని కాదు. పైగా నా ట్రే ఒకటి సొట్టపడి ఉందని తనదొకటి చేతిలో పెట్టింది.

కొత్త ఓవెన్ వచ్చేవరకు రోజూ అదే తంతు. రొట్టెలు కాలుతుంటే మైదా బస్తాల మీద కూర్చుని టీ తాగేవాళ్ళం. మొదట్లో గ్లాసుల చప్పుడే. తర్వాత ఓవెన్ వేడి గురించి రెండు ముక్కలు, ఆ తర్వాత అన్నదమ్ములిద్దరి గురకల గురించి. ఇక మమ్మల్ని ఆపినవాళ్ళు లేరు.

కానీ ఋణం లోపల గుచ్చుతూనే ఉంది. ఒక బస్తా మైదా పంపాను. సాయంత్రానికి అందులో కొంత బిస్కెట్లయి మా పిల్లలకు వచ్చేసింది. ఓవెన్ లోపలంతా గీకి శుభ్రం చేశాను. మర్నాడు నేను వెళ్ళేసరికి నా ట్రేలన్నిటికీ నూనె రాసి ఉంచింది. తీర్చేకొద్దీ పెరుగుతోంది! "ఈవిడతో నేను వేగలేను" అని మా ఆయన దగ్గర తల కొట్టుకుంటే, ఆయన ఆ బిస్కెట్లే నములుతూ "నీకు సరైన జోడీ దొరికింది" అన్నాడు.

కొత్త ఓవెన్ వచ్చింది. తొలివాయి రొట్టెలు చక్కగా దిగాయి. సంతోషించాల్సిందిపోయి ఎదురు షాపు వైపే చూస్తూ నిలబడ్డాను. ఇక ఆ గుమ్మం తొక్కే పనేముంది? మళ్ళీ ఎదురెదురుగా మొహాలు తిప్పుకోవడమేనా? ఊరికే వచ్చి కూర్చుంటానని చెప్పడానికి నాకు నోరు పెగలదు.

అక్క ట్రేలోనే ఒక వేడి రొట్టె పెట్టుకుని వెళ్ళాను.

"ఇదిగో నీ ట్రే. దీంతో నీకు నేను డ్యూ ఏమీ లేనక్కా" అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను.

అక్క మొహం చిన్నబోయింది. రొట్టె తీసుకుంది. ట్రే ముట్టుకోలేదు.

"అంటే ఇక రావన్నమాట" అంది.

అక్క కాసేపు గిన్నెలు అటూ ఇటూ సర్దింది.

"ట్రే ఇప్పుడొద్దు. పెట్టడానికి ఇక్కడ చోటెక్కడుంది? రేపు పొద్దున తెచ్చియ్యి."

ఆవిడ వెనక అలమర మొత్తం ఖాళీగా ఉంది. స్టవ్ మీద ఇద్దరికి సరిపడా టీ మరుగుతోంది.

నాకు ఏడుపు ఆగలేదు. "నువ్వు లేకపోతే మేం వీధిన పడేవాళ్ళం అక్కా" అన్నాను. అన్నాళ్ళూ ఆ ఒక్క మాట అనలేక మైదా బస్తా మోయించాను.

"తెలుసులేవే. కూర్చో, టీ చల్లారిపోతుంది" అంది, ఇంకా పొయ్యి మీదనుంచి దించకుండానే.

ట్రే ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇచ్చేద్దామని రోజూ పొద్దున్నే పట్టుకెళ్తాను. ఏ రోజూ అక్క దగ్గర చోటు ఉండదు.