పై అరలోంచి దిగిన నిద్ర

రైలుస్టేషన్ పక్క సందులో ఉన్న ఆ హోటల్లో గదులుండవు, అరలుంటాయి. ఒకదాని మీద ఒకటి, మనిషి పడుకునేంతవి. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, సామాను లాకర్లో పడేసి, తువ్వాలు అందుకుని బల్ల దగ్గర నిలబడతారు. అక్కడ కూర్చునే పెద్దావిడను అందరూ పిన్ని అంటారు. ఆవిడ మొహం చూసి అర ఇస్తుంది.

ఆ సాయంత్రం కొంగక్క వచ్చింది. ఎత్తయిన క్రేన్ మీద కూర్చుని, మెడ వంచి కిందికి చూస్తూ పనిచేస్తుందని తోటివాళ్లు పెట్టిన పేరది.

"కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా?" అంది పిన్ని.

"అమ్మ పోయినప్పటి నుంచీ లేదు. అంతకు ముందు రాత్రంతా దగ్గేది, లేచి పట్టుకునేదాన్ని. ఇప్పుడు దగ్గు లేదు గానీ, నా చెవి కాపలా మానట్లేదు పిన్నీ."

దాంతో పగలు చేతులు వణుకుతున్నాయి. తెల్లారితే డాక్టరు పరీక్ష. నెగ్గకపోతే మళ్లీ క్రేన్ ఎక్కనివ్వరు. ఆమెకు ఆ పనంటే ప్రాణం.

"గడియారాలాయన కింది అరలో పడుకో," అని పిన్ని, వెనక ఆవలిస్తున్న బొద్దు మనిషి వైపు తిరిగింది. "నీ నిద్ర కాస్త కిందికి దిగుతుందయ్యా."

"దిగనీ పిన్నీ! అలారాలు అమ్ముతానన్న మాటే గానీ, ఒక్కటీ నన్ను లేపిన పాపాన పోలేదు."

"మరి మీకు చాలకపోతే?" కొంగక్క మొహమాటపడింది.

"భలేవారే! దాని మూలాన ఎన్ని రైళ్లు పోగొట్టుకున్నానో."

అరలోకి దూరగానే కొంగక్కకు ముచ్చటేసింది. పడుకున్నచోటి నుంచే చెయ్యి చాపితే దీపం మీట, కళ్లజోడుకు చిన్న గూడు, తల తగలకుండా గుండ్రటి కప్పు. కట్టినవాడెవడో మనిషిని కొలిచి మరీ కట్టాడు అనుకుంది.

కాసేపటికి పైనుంచి నిద్ర దిగసాగింది. గోరువెచ్చగా, కాస్త బరువుగా పాదాలకు తగిలి, మోకాళ్ల దాకా వచ్చింది. అంతలో ఎదుటి అరలో ఎవరో దగ్గారు. కొంగక్క దిగ్గున లేచింది. నిద్ర జారి నేల మీద పడింది.

పిన్ని అప్పటికే అక్కడ ఉంది, వేణ్ణీళ్ల గ్లాసుతో. దగ్గే మనిషి వీపు నిమిరి, ఇటు వచ్చింది.

"నేను చూసుకుంటాలే. నువ్వు పడుకో."

ఆ మాట ఎవరైనా తనతో అని ఎన్నేళ్లయిందో! కొంగక్క మళ్లీ వెనక్కి వాలింది. పిన్ని వంగి, పడిపోయిన నిద్రను తీసి దులిపి, మెడ దాకా కప్పింది.

కొంగక్క మగగొంతుతో గురక పెట్టిందని పొద్దున్నే చుట్టుపక్కల అరలవాళ్లు చెప్పి నవ్వారు. గడియారాలాయన తెల్లారకముందే లేచి, ఆకాశం ఎర్రబడటం చూసి, పిన్నిని పిలిచి మరీ చూపించి, మొదటి రైలెక్కేశాడట.

డాక్టరు ఆమె చాపిన చేతుల్ని చాలాసేపు చూశాడు.

"మందేమైనా వాడారా?"

"లేదండీ. పై అరలో ఆయన నిద్ర."

"మంచి సరుకే," అని సంతకం పెట్టాడు.

తర్వాతి వారం, కొత్తగా కడుతున్న ఆస్పత్రి పైకప్పుకు గాజుపలక ఎక్కించాలి. మేస్త్రీ ఇంకెవరినీ నమ్మలేదు. గాలి తగ్గేదాకా ఆగి, కొంగక్క పలకను లేపింది. కింద పనివాళ్లంతా పారలు వదిలేసి తలెత్తి చూస్తూ నిలబడిపోయారు. పలక ఊగలేదు, తిరగలేదు. పైకప్పు మీదున్నవాళ్లు చాచిన చేతుల్లోకి చప్పుడు లేకుండా దిగింది.