ప్రాయశ్చిత్తానికి దుబాసీ

పిల్లవాడు పోయాక ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగు కేకలు, రెండు ఏడుపులు అయ్యాక ఎవరి దుఃఖం వాళ్ళు మోసుకునేవాళ్ళు. దివాకర్ అట్లాంటి మనిషి కాడు. అతను అత్తగారిని మునుపటికంటే మర్యాదగా పిలవడం మొదలుపెట్టాడు.

"అత్తయ్యగారూ, మీరు కిచెన్‌లోకి రాకండి. ఏం కావాలో చెప్తే భవిత ఇస్తుంది."

"అత్తయ్యగారూ, ఆ ఫోటో మీరు ముట్టుకోకండి."

మాట మాటకీ గారు. ఆ గారు వినపడినప్పుడల్లా ఉమ కొంగు సర్దుకుని ఒక అడుగు వెనక్కి వేసేది. కూతురు భవిత అది చూసేది. చూసి డిష్‌వాషర్ సర్దుకునేది.

వాళ్ళు క్యారీ అనే ఊరి నుంచి యూటా రాష్ట్రంలోని లీహైకి వచ్చింది దివాకర్ ఉద్యోగం కోసం. చుట్టుపక్కలంతా మోర్మన్లు, క్రైస్తవుల్లో ఒక శాఖవాళ్ళు. దిగిన రోజే ఒకావిడ వేడివేడి బ్రెడ్ తెచ్చి ఇచ్చింది. మంచు పడితే ఎదురింటాయన అడక్కుండానే వీళ్ళ వాకిలి శుభ్రం చేసి వెళ్ళాడు. నిజంగా మంచివాళ్ళు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. ఏడాది తిరిగేసరికి దివాకర్ వాళ్ళ చర్చిలో చేరాడు. ఇంటి లోను కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టినట్టే, భవిత కూడా అతని వెంట నీళ్ళలో మునిగి లేచింది. మనవడిని చూసుకోవడానికి అనంతపురం నుంచి వచ్చిన ఉమకి మాత్రం సూట్‌కేసు మూత లోపల అంటించుకున్న కదిరి నరసింహస్వామి పటమే చాలు.

ఆ మనవడు రుత్విక్. రెండేళ్ళు నిండలేదు. వాడికి వేరుశెనగ పడదని డాక్టరు చెప్పాడు. పడకపోవడమంటే దద్దుర్లతో పోయేది కాదు, ప్రాణం మీదికి వస్తుందన్నాడు. తల్లి విమానం దిగిన రోజే భవిత ఆ సంగతి చెప్పింది. ఆఫీస్ కాల్‌లో ఉండి, మ్యూట్ నొక్కి, "అమ్మా, వాడికి నట్స్ మాత్రం పెట్టకు" అంది. మళ్ళీ కాల్‌లోకి వెళ్ళిపోయింది.

నట్స్ అంటే ఉమకి తెలియక కాదు. జీడిపప్పు, బాదం, పిస్తా. ఆమె ఎంత జాగ్రత్త మనిషంటే, పాయసంలో జీడిపప్పు వేయడమే మానేసింది. ఎవరో పంపిన హల్వాలో బాదం పలుకులు ఏరి పారేసింది. వేరుశెనగని శెనక్కాయ అనే ఊరు ఆమెది. శెనక్కాయ కూడా నట్సేనని ఆమెకి ఎవరు చెప్పాలి? శెనక్కాయ అంటే పంట. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ ఇల్లు గడిచింది శెనక్కాయ మీద. ఆ ఇళ్ళలో పిల్లలు పళ్ళు వచ్చీరాకముందే నమిలింది శెనక్కాయ. ఒక మధ్యాహ్నం మనవడు మారాం చేస్తుంటే, ఊరి నుంచి తెచ్చుకున్న శెనక్కాయ ఉండ కొంచెం చిదిమి వాడి నోట్లో పెట్టింది. అట్లాంటప్పుడు వెంటనే పొడవాల్సిన మందు సూది డ్రాయర్‌లోనే ఉంది. దాన్నెట్లా వాడాలో తీరిక దొరికినప్పుడు చూపిద్దామని భవిత అనుకుని ఉంది.

తాను చెప్పిన మాట ఏమిటో భవితకి తెలుసు, ఉమకి తెలుసు. దివాకర్‌కి తెలియదు. "చెప్పాను, వినలేదు" అని భవిత ఆసుపత్రిలో ఏడుస్తూ అంది. ఆ తర్వాత దాన్ని దిద్దే సందు ఆమెకి దొరకలేదు, దొరికినా తీసుకోలేదు. ఉమ కూడా అల్లుడి దగ్గర నోరు విప్పలేదు.

దివాకర్ దుఃఖమంతా ఫోన్‌లో చదువుగా మారింది. మోర్మన్లు ఈ ఎడారికి వచ్చిన కొత్తల్లో, నూట డెబ్బై ఏళ్ళ కిందట, వాళ్ళ పెద్దలు కొందరు వేదికలెక్కి చెప్పిన ప్రసంగాలు అతనికి దొరికాయి. కొన్ని పాపాలున్నాయట. వాటిని క్రీస్తు రక్తం కూడా కడగలేదట. చేసినవాడి రక్తమే నేల మీద పడాలి, దాని పొగ పైకి లేవాలి, అప్పుడే వాడికి విముక్తి. అట్లా రక్తం చిందించడం వాడి మీద పగ కాదు, ప్రేమ. ఇదంతా దివాకర్ అన్నం తింటూ పెళ్ళానికి చదివి వినిపించాడు.

"ఇప్పుడెవరూ నమ్మరు కదా ఇవి?" అంది భవిత.

"బిషప్‌ని అడిగాను. చర్చి అది నేర్పదట. ఏదో పాత రోజుల ఆవేశం అన్నాడు." పెరుగు కలుపుకున్నాడు. "నాకైతే లాజికల్‌గానే ఉంది."

కావలసింది దొరికినవాడికి అది చెల్లదని ఎవరు చెప్తే మాత్రం ఎక్కుతుంది? అతను బిషప్ ముందు తలూపాడు, ఇంటికొచ్చి మళ్ళీ చదువుకున్నాడు.

ఆ బిషప్ పేరు లార్సెన్. వాళ్ళ చర్చిలో బిషప్ అంటే జీతం తీసుకునే పూజారి కాదు. వారమంతా పళ్ళు బాగుచేసి, మిగిలిన టైములో పేటలోవాళ్ళ కష్టసుఖాలు చూసే డెంటిస్టు. ముసలామె గది దాటి రావడం లేదని ఎవరో చెబితే, ఒక శనివారం మధ్యాహ్నం తనే వచ్చాడు. ఆమెతో నాలుగు మాటలు మాట్లాడాలి, కొంచెం తెలుగులో చెప్పి పెడతావా అని దివాకర్‌ని అడిగాడు. దివాకర్ తప్పకుండా అన్నాడు.

ఉమ వచ్చి సోఫా అంచున కూర్చుంది. లార్సెన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. ఇది యాక్సిడెంట్. మీరు ఏ పాపమూ చేయలేదు. పసిపిల్లలకి పాపం అంటదని మా నమ్మకం, మీ మనవడు దేవుడి దగ్గర క్షేమంగా ఉన్నాడు. మీకు ఏ శిక్షా లేదు. ఇది ఒట్టి యాక్సిడెంట్.

దివాకర్ శ్రద్ధగా విన్నాడు. అత్తగారి వైపు తిరిగాడు.

"అత్తయ్యగారూ, ఆయన ఏమంటున్నారంటే, యేసు రక్తం అన్ని పాపాల్నీ కడుగుతుందట. మీరు చేసినదాన్ని మాత్రం కడగదట."

హాట్ చాక్లెట్ కప్పుతో వస్తున్న భవిత ఆగిపోయింది. తప్పుగా విన్నాననుకుంది. దివాకర్ ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, చెప్తావా అని అడగడం మాత్రమే ఉంది.

"అమ్మా, ఆయన అట్లా అనలేదు" అంటే సరిపోయేది. కానీ అమ్మ పాపం లేదంటే, తర్వాతి ప్రశ్న తప్పు ఎవరిదని. వద్దని చెప్పినా ఎందుకు పెట్టారని దివాకర్ అప్పుడు గట్టిగా అడుగుతాడు. అమ్మ జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ జవాబులో నట్స్ అన్న మాట ఉంటుంది. ఇక గారు పెట్టి పిలిపించుకునే వంతు తనది. భవిత కప్పు బిషప్ చేతికిచ్చి పక్కన నిలబడింది. ఆమెకి తన మీద అసహ్యం వేసింది, అయినా నిలబడింది.

"ప్రాయశ్చిత్తం ఏమన్నా ఉంటాదేమో అడుగు నాయనా" అంది ఉమ.

దివాకర్ అడగలేదు. "ఉందండీ. చేసినవాళ్ళ రక్తమే నేల మీద పడాలట. పొగ పైకి పోవాలట. అది శిక్ష కాదట అత్తయ్యగారూ, మీ మంచికేనట."

మన ప్రాయశ్చిత్తాలకి ఒక కొలత ఉంటుంది. గుండు కొట్టించుకో, గోవునివ్వు, ఇన్ని మునకలు మునుగు, అంతటితో తీరింది ఇంటికి పో అంటారు. పాపం ఎంతటిదైనా దానికి ఇంతని ఒకటి ఉంటుందని నమ్మి బతికిన మనిషి ఉమ. అందుకే కూరగాయల బండి దగ్గర అడిగినంత మామూలుగా అడిగింది.

"ఎంత కావాలంట?"

"ఏమంటున్నారు?" అన్నాడు లార్సెన్.

"ఈ బాధలో దేవుడికి ఎంత అప్పగించవచ్చని అడుగుతున్నారు" అన్నాడు దివాకర్ ఇంగ్లీషులో.

లార్సెన్‌కి కళ్ళు నిండాయి. ముందుకు వంగి ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. "ఆల్," అన్నాడు. "ఆల్ ఆఫ్ ఇట్. గివ్ హిమ్ ఆల్ ఆఫ్ ఇట్."

ఆల్ అంటే ఏమిటో ఉమకి చెప్పాల్సిన పని లేదు. ఆల్ ఇండియా రేడియో, ఆల్ పాస్ అని చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆమె తలూపింది. దివాకర్ ఏమీ కలపనక్కర్లేకపోయింది. బిషప్, మంచి మనిషి, తన మాట ఆమెకి చేరిందన్న తృప్తితో వెళ్ళాడు.

సాయంత్రం దివాకర్ బయటికి వెళ్ళగానే ఉమ చాలా రోజుల తర్వాత కిచెన్‌లోకి వచ్చింది. ఫ్రిజ్ పక్కన నిలబడింది.

"భవితా, నువ్వు నట్స్ అంటివి. శెనక్కాయ నట్సని నాకు తెల్దు. మీ ఆయనకు ఆ మాట నేను చెప్పలేదు. చెప్పను గూడా."

భవిత కొళాయి తిప్పింది. కడగడానికి సింకులో గిన్నెలేమీ లేవు.

"నీళ్ళు ఆపు మే. ఒకటడుగుతా. ఆయప్ప యాక్సిడెంటు, యాక్సిడెంటు అంటానే ఉండాడు. నీ మొగుడు ఆ మాట నాకు చెప్పలేదు. ఏమని అన్యాడు ఆయప్ప?"

తల్లి ముఖంలో ఆశ ఎంత స్పష్టంగా కనిపించిందంటే, భవిత గోడ వైపు తిరగాల్సి వచ్చింది. చెప్పేద్దామనుకుంది. నిజంగానే అనుకుంది. గరాజ్ తలుపు లేస్తున్న చప్పుడైంది. దివాకర్ అప్పుడే తిరిగొచ్చాడు.

"యాక్సిడెంట్ అయినా అంతేనట, అమ్మా" అంది.

"ఓ" అంది ఉమ. "అట్లనా." తన గదికి వెళ్ళిపోయింది.

మరునాడు ఆదివారం. ఎండ వచ్చింది గానీ చలి తగ్గలేదు. చర్చికి తయారై, భవిత చున్నీ సర్దుకుంటూ కిచెన్ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. ఉమ మంచులో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుంది, స్వెటర్ లేదు. ఒళ్ళో కూరగాయలు తరిగే కత్తి. ఎడమ చేతిని నేలకి ఆనించి పెట్టుకుంది. ఆ చేతి చుట్టూ మంచు ఎర్రబడి ఉంది.

భవిత చెప్పుల్లేకుండా పరుగెత్తింది. చున్నీ లాగి ఆ చేతికి చుట్టి బిగించింది. ఉమ వదిలించుకోలేదు. ఆమె చూపంతా నేల మీద ఉంది. ఆ చలికి వేడి రక్తం నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

"పోతాండాది చూడు పైకి" అంది ఉమ.

"ఆయన అట్లా అనలేదమ్మా. నీ తప్పు లేదన్నాడు. అబద్ధం చెప్పాం. నేనూ చెప్పాను."

"తెలుసు."

భవిత చేతులు ఆగిపోయాయి.

"యాక్సిడెంటు తెలుగు మాటే కదే" అంది ఉమ, పళ్ళు టకటకమంటుంటే. "నీ నోటితో అంటావేమోనని అడిగినా. నువ్వూ అంతేనంటివి. కన్నబిడ్డ గూడా అంటే, ఇంక చేసేదేముంది?"

ఫోన్ చేసింది భవితే. అంబులెన్స్ వచ్చేసరికి దివాకర్ టై కట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. జరగాలని చదువుకున్నది జరిగితే ఎట్లా ఉంటుందో అతను ఊహించుకోలేదు కాబోలు. అంబులెన్స్‌లో వచ్చిన యువకుడు ఉమ చేతికి కట్టు బిగిస్తూ, ఏం జరిగిందమ్మా అని ఆమెనే అడిగాడు.

"ఆమెకి ఇంగ్లీష్ రాదు" అంటూ దివాకర్ ముందుకొచ్చాడు. "నేను చెప్తాను. నేను ట్రాన్స్‌లేట్ చేస్తాను."

ఉమ అతని వైపు చూడలేదు. కూతురి వైపు చూసింది.

"యాక్సిడెంట్" అంది.

ఆ యువకుడు కత్తి వైపు, మంచు వైపు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. నమ్మలేదు. భవిత వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. దివాకర్ కూడా ఆమె వైపే చూస్తున్నాడు.

భవిత అవునంది.