పీఠం లేని బీరువా

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఆదినారాయణ చేతుల మీదుగా పోయిన దేవుళ్లు ఏ ఏ ఊళ్లలో పూజలందుకుంటున్నారో ఆయనకే సరిగ్గా తెలియదు. అంతటివాడికి బెత్తెడు మనవరాలికి బీరువా ఎంచడం మాత్రం చేతకాదని భార్య కమలాక్షమ్మ ముందే తేల్చేసింది. "అది రాయి గాదు. ఆడ గూడా కొట్టి చూస్తాంటే నవ్విపోతారు," అని నంద్యాల బస్సెక్కేదాకా చెబుతూనే ఉంది.

"నీకేం తెలుసు, ఊరుకోమ్మే," అన్నాడాయన. తెలియని సంగతి వచ్చినప్పుడల్లా ఆయన అనే మాట అదే.

మనవరాలు అమృతకు ఐదేళ్లు. కాన్పులో కుడి భుజం దగ్గర నరం దెబ్బతిని, ఆ చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేవదు. అంతకు కింద ఏ పనైనా చేస్తుంది. అన్నం తింటుంది, గోడల నిండా బొమ్మలు గీస్తుంది, అవసరమైతే పక్కింటి పిల్లల జుట్టూ పట్టుకుంటుంది. అయినా చూసినవాళ్లంతా "అయ్యో పాపం" అంటూ ముందుకు వచ్చేవాళ్లే. ఇంట్లోనూ అదే వరస. గౌను తీసేది ఒకరు, తొడిగేది ఒకరు, బొత్తాలు పెట్టేది ఇంకొకరు. రాజుగారి పిల్లకు కూడా అంతమంది ఉండరు.

ఒకరోజు బడికి పోయే వేళ ఆ పిల్ల గడపలో అడ్డంగా కూర్చుని ఏడుపు లంకించుకుంది. "నా గుడ్డలు నేనే తీసుకుంటా. నేనే ఏసుకుంటా. ఎవురూ రావద్దు!"

తీసుకోవడానికి ఆ పిల్ల గుడ్డలు ఎక్కడున్నాయి గనక? వాళ్లమ్మ భానుప్రియ ఇనుప బీరువాలో, పై అరలో ఉన్నాయి. ఆ ఏడుపు విన్న ఆదినారాయణకు ఆ పూట ఉలి చేతికి రాలేదు. సాయం పేరుతో పిల్లను అందరం కలిసి చేతకానిదాన్ని చేస్తున్నామని ఆయనకు నిజంగా భయం వేసింది. పనిముట్లు పెట్టుకునే చిన్న గది ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, మంచం వేయించాడు. ఇక కావాల్సింది బీరువా. ఎవరి సాయమూ లేకుండా అమృత తనే తెరిచి, గుడ్డలు తీసుకుని, మళ్లీ తనే తగిలించుకోవాలి. అలాంటిది తానే ఎంచి తేవాలని ఆయన పంతం.

ఆ గదిలో ఖాళీగా ఉన్నది ఒక్క గోడే. దానికీ ఆయన మెడ ఎత్తున ఒక నాపరాతి బండ అరలాగా పాతి ఉంది. తండ్రి కాలంలో గోడతో పాటే కట్టింది, పెకలిస్తే గోడ కూడా దాని వెంటే వస్తుంది. బీరువా ఆ బండ కిందికి దూరాలి. నేల నుంచి బండ దాకా కొలుచుకుని, టేపు జేబులో వేసుకుని, కోడలినీ మనవరాలినీ వెంటబెట్టుకుని ఆయన నంద్యాల చేరాడు. అమృత చంకలో ఒక సంచి. అందులో తన పసుపుపచ్చ గౌను, ఒక హ్యాంగర్. ఏ బీరువా నచ్చినా అందులో ముందు ఆ గౌను తగిలించి చూడాలని తాతా మనవరాలూ దారిలోనే ఒప్పందం చేసుకున్నారు.

దుకాణంలో అడుగు పెట్టగానే ఆదినారాయణ కమలాక్షమ్మ మాట నిజం చేశాడు. కనిపించిన ప్రతి బీరువానూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. దుకాణం యజమాని జీవన్ కుమార్ కాసేపు చూసి, ఇక ఆగలేక అడిగేశాడు. "ఏందన్నా చూస్తాండావ్? అది చెక్క. పలకదు."

"పగులుంటే పలుకుతాది లేప్పా."

జీవన్ కుమార్ నవ్వుతూనే పెద్ద బీరువాల వైపు నడిపించాడు. "పిల్లోళ్లు బేగా ఎదుగుతారన్నా. పెద్దదే తీసుకో, పెండ్లి దాకా ఉంటాది."

"ఎదిగినాక ఎదిగినదానికి కొంటాంలే. ఇప్పుడు ఈ పిల్లకు సరిపోయేది చూపీ."

అమృత ఒక్కొక్కటే తెరిచింది. ఒకదాని తలుపు బరువు. ఒకదాని పిడి మరీ చిన్నది, వేళ్లకు దొరకలేదు. ఒకదాని తలుపు మీద ఏనుగు బొమ్మ ఉంది, ఆ ఏనుగు మొహం నచ్చలేదట. చివరికి ఒక మూల చిలకపచ్చ రంగు బీరువా కనిపించింది. పొడుగాటి పిడి, తేలికైన తలుపు. ఎడమ చేత్తో ఇలా లాగితే అలా తెరుచుకుంది. పిల్ల మొహం వెలిగిపోయింది. సంచిలోంచి గౌను తీసి, హ్యాంగర్‌కు తొడిగి, లోపలి కడ్డీకి తగిలించబోయింది. కడ్డీ సరిగ్గా ఆమె నడినెత్తి ఎత్తున ఉంది. కుడి చెయ్యి అంతవరకు రాదు. ఎడమ చెయ్యి ఒక్కటే చాచి కొక్కెం వేయబోతే జారి గౌను కిందపడింది.

భానుప్రియ గబుక్కున వంగింది. ఆదినారాయణ చెయ్యి అడ్డం పెట్టాడు. అమృత మళ్లీ ప్రయత్నించింది. గౌను మళ్లీ కిందపడింది.

"అందల్యా గదా బంగారూ. ఇంకోటి చూద్దాం పా."

"నాకు ఇదే కావాల." పిల్ల బీరువా పిడి పట్టుకుని వదల్లేదు.

"కింద పీట ఏస్తే అందుతాదిలే మామా," అంది భానుప్రియ.

"పీట తెచ్చి ఏసేదెవురు? మళ్లా మనమే గదా!" ఆదినారాయణ గొంతు కాస్త లేచింది. కానీ మనవరాలి పంతం ముందు తాత పంతం ఏనాడు నిలిచింది గనక? టేపు తీసి కొలిచాడు. "బండ కిందికి సరిగ్గా దూరుతాది," అని గర్వంగా చెప్పాడు.

"ఇంకోసారి చూడు మామా."

"నా కొలతనా? నేను కొలిచిన దేవుడు గర్భగుడి వాకిలికి తగిలిన రోజు చూపీ!"

బీరువాను బండిలో పంపమని డబ్బు కట్టి బయటపడ్డారు. తిరుగు బస్సంతా ఆయనకు కింద పడిన గౌనే కళ్లలో మెదిలింది. అడిగింది కొనిచ్చాడు, కావాల్సింది కొనలేకపోయాడు.

మర్నాడు బండి వచ్చింది. చుట్టుపక్కల షెడ్లలో విగ్రహాలు చెక్కేవాళ్లంతా పని ఆపి వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. బీరువాను గదిలోకి తెచ్చి గోడ వైపు తోశారు. ఠక్కున దాని నెత్తి బండకు తగిలి ఆగిపోయింది. మళ్లీ తోశారు. మళ్లీ ఠక్కుమంది.

ఆదినారాయణ టేపు తీశాడు. ఒకసారి కొలిచాడు, చెమట తుడుచుకుని ఇంకోసారి కొలిచాడు. ఆయన టేపు పట్టిన తీరు చూసి కమలాక్షమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శిల్పుల లెక్కలో విగ్రహం ఎత్తంటే పాదాల నుంచి కిరీటం దాకా. కింది పీఠం వేరే రాయి, వేరే లెక్క. బీరువాకు అడుగున జానెడు ఎత్తు చెక్క దిమ్మ ఒకటుంది. జీవితమంతా దేవుళ్లను కొలిచిన చెయ్యి దాన్ని పీఠమనుకుని వదిలేసి, దాని పైనుంచి కొలిచింది.

"బీరువాకు గూడా పీఠం ఇడిచిపెట్టి కొలిచినావాన్నా!" అని ఒకడు అనడంతో గది గదంతా గొల్లుమంది. ఆదినారాయణకు తల కొట్టేసినట్టయింది. "ఎనక్కి తీసుకపో నాయనా," అన్నాడు బండివాడితో, ఎవరి మొహమూ చూడకుండా.

"వద్దు!" అమృత బీరువాకు అడ్డం నిలబడింది. పుట్టినప్పటి నుంచి షెడ్లో ఆడిన పిల్ల అది. విగ్రహాలను పీఠాల మీదికి ఎక్కించడం, దించడం రోజూ చూస్తుంది. "దీన్ని గూడా పీఠం మీంచి దించు తాతా."

ఆదినారాయణ మనవరాలిని చూశాడు, దిమ్మను చూశాడు, నుదురు కొట్టుకున్నాడు. బీరువాను మెల్లగా పడుకోబెట్టి, మరలు విప్పి దిమ్మను ఊడదీశాడు. నేల కడిగినప్పుడు చెక్క నానకుండా నాలుగు మూలలా పల్చటి నల్లరాతి ముక్కలు పెట్టాడు. ఈసారి తోస్తే బీరువా బండ కిందికి మెత్తగా జారిపోయింది. అంతా ఈలలు వేశారు.

అమృత ఎవరినీ పట్టించుకోలేదు. సంచి తెచ్చుకుని తలుపు లాగింది. నిన్న నెత్తి మీద ఉన్న కడ్డీ ఇవాళ జానెడు దిగి సరిగ్గా ఆమె భుజం ఎత్తున నిలిచింది. కుడి చెయ్యి మెల్లగా లేచింది, అందుకుంది, కడ్డీని పట్టుకుంది. ఎడమ చెయ్యి హ్యాంగర్ తగిలించింది. పసుపుపచ్చ గౌను కాసేపు ఊగి కుదురుకుంది.

ఎవరూ నవ్వలేదు. భానుప్రియ కళ్లు తుడుచుకుంది. కమలాక్షమ్మ గౌను అంచు సర్దబోయింది.

"అవ్వా, ముట్టుకోవద్దు!" అంది అమృత. "అందరూ బయటికి పోండి. నేను గుడ్డలు మార్చుకోవాల."

అంతా బయటికి నడిచారు. ఆదినారాయణ మాత్రం వాకిలి దగ్గర ఆగాడు.

"నువ్వు గూడా తాతా."

ఆయన బయటికి రాగానే తలుపు మూసుకుంది. లోపల ఏదో పడింది. ఎవరో కదలబోతే ఆదినారాయణ గుడ్లురిమాడు. చాలాసేపటికి తలుపు తెరిచి పసుపుపచ్చ గౌనులో అమృత బయటికి వచ్చింది. బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పడ్డాయి, ఒక పక్క అంచు పైకి లేచింది. కమలాక్షమ్మ సర్దబోతే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆడనే ఉండనీమ్మే. దాని చేత్తో అది పెట్టుకున్యాది."

తన చేతుల మీదుగా వెళ్లిన ఏ దేవుణ్ణి చూసినా ఆయన ఛాతీ అంతగా పొంగలేదు. మనవరాలి వేలు పట్టుకుని, బొత్తాలు తప్పిన ఆ గౌనుతోనే షెడ్డు షెడ్డుకూ తిప్పాడు. ఎవరైనా కొలత సంగతి ఎత్తితే, "తప్పింది గాబట్టే సరిపోయిందప్పా," అన్నాడు, సిగ్గులేకుండా.