పదిహేనో కోత

బీరయ్య అరటిచెట్టును బల్ల మీద దింపగానే అరటిమొక్కల కంపెనీ యజమాని జనార్దన్ తన సమోసా ప్లేటును పక్కకు లాక్కున్నాడు. చెట్టు వేళ్ల మట్టి బల్ల గాజు మీద రాలింది. నాంపల్లి స్టేషన్లో రైలు దిగి, అబిడ్స్‌లోని ఈ ఆఫీసు దాకా ఎండలో భుజాన మోసుకొచ్చిన చెట్టు అది. పది నెలలైనా నడుమెత్తు దాటలేదు. తోలులా మందమైన సన్నటి ఆకుల నిండా తెల్లచారలు. వేలాడే గెల పిడికెడంత.

"రెండెకరాలల్ల సగం గిట్లనే ఉన్నయి సార్. మొక్కకు పద్దెనిమిది రూపాయలు పెట్టి మీ తాన్నే కొన్న."

"నువ్వు నీళ్లు సరిగ్గ పెట్టలె." జనార్దన్ నాలుకతో పళ్ల సందులు కెలుక్కున్నాడు. "తప్పు నాదే అని గీ కాగితం మీద సంతకం పెట్టు. వచ్చే ఏడు సగం ధరకే మొక్కలిస్త."

"పెట్టకుంటే?"

"కోర్టు గాడనే ఉంది, నాంపల్లిల. నువ్వు దిగిన స్టేషన్ పక్కనే. తిరుగు."

నవ్వి, నూనె వేళ్లతోనే బీరయ్య చేతిలో పెన్ను పెట్టాడు. లోపల ల్యాబ్‌లో ఉన్న నర్మదను పిలిచాడు. "మీ దిక్కోడే. జర నువ్వు సమజయ్యేటట్టు చెప్పు."

ఆరేళ్లుగా నర్మద చేసేది ఒకటే పని. సీసాలో పెరిగిన అరటి గుత్తిని బ్లేడుతో విడదీసి, ఒక్కో పిలకను కొత్త సీసాలో పెట్టడం. అది ఎన్నో కోతో సీసా మీద రాయడం. ఎనిమిదో కోత తర్వాత తోట నుంచి కొత్త తల్లి పిలక తేవాలి. అంతకు మించి కోస్తూ పోతే పిల్లమొక్కలు తల్లిని పోలకుండా పోతాయి. ఖర్చని జనార్దన్ అది మానేశాడు. ఎన్నిసార్లు కోసినా ఎనిమిదే రాయమన్నాడు. ఆమె రాసింది. ఆకులకు తెల్లచారలొచ్చిన సీసాలను పారేయడానికి పక్కన పెడితే, సాయంత్రానికి వాటి మొక్కలు అమ్మే ట్రేలలో ఉండేవి. ఆమె తల తిప్పుకునేది.

ఇప్పుడు ఆ చారలే ఎదురుగా ఉన్నాయి.

"తప్పు మాదేనా చెల్లె?" బీరయ్య అడిగాడు. "బోరు ఆగినప్పుడు నా పెండ్లాం వనిత బిందెతోని చెట్టుచెట్టుకు పోసింది. సరిగ్గ పోస్తలేవని దాన్నే తిట్టిన. మూటగట్టుకొని తల్లిగారింటికి పోయింది. గీ సంతకం పెడితే తప్పు దానిదే అయితది గదా."

నర్మద లోపలికి వెళ్లి ఒక సీసా తెచ్చింది.

"సంతకం పెట్టకు అన్నా. నీళ్ల తప్పు గాదు. గీ ఎనిమిది నేను రాసిందే. ఇది పదిహేనో కోత. నీ మొక్కలు గూడ గిసొంటి సీసాలకెల్లే వచ్చినయి."

"నర్మదా! నౌకరీ మీద సోయి ఉందా?"

"ఉంది సార్."

బీరయ్య చేతిలోని పెన్ను తీసుకుంది. సీసా మీది ఎనిమిదిని కొట్టేసి పదిహేను రాసి, చెట్టు పక్కన పెట్టింది. అద్దం తలుపు వెనక బీరువాల నిండా సీసాలు, అన్నిటి మీదా ఆమె చేతిరాతలో ఎనిమిదే. పెన్ను తిరిగి ఇవ్వకుండా ఆమె లోపలికి నడిచింది.